కుంకుమ చెదరని నట్లు

“చక్రం దానంతట అది ఊడదు. ఎవరో ఒకరు వదులు చేస్తేనే ఊడతాది,” అన్నాడు నారాయణప్ప, నల్ల కళ్లద్దాలను నుదుటి మీదికి తోస్తూ.

“నేనూ అదే అంటాండా సార్. ఆ ఎవరో ఒకరు ఎవరని,” అంది గ్రేస్.

పెనుకొండ దాటి హిందూపురం దారిలో కొంత దూరం వచ్చాక, ధర్మవరం పట్టుచీరల వ్యాపారి చౌడప్ప తెల్ల అంబాసిడర్ ఒక మూల నేలకు ఆనించి రోడ్డు పక్కన కూలబడి ఉంది. దాని ఎడమ వెనక చక్రం బండిని వదిలేసి, తనే ముందు పరిగెత్తి, వేరుశనగ చేలో పడుకుంది. అదృష్టం బాగుండి బండిలోని ముగ్గురికీ, వెనక కుక్కిన చీరల మూటలకూ ఏమీ కాలేదు. దెబ్బ తగిలింది చౌడప్ప ముహూర్తానికి. విజయదశమి పొద్దున హిందూపురంలో కొత్త కొట్టు తెరవాలని బయలుదేరిన మనిషి, మధ్యాహ్నం దాటినా పెనుకొండ కొండనే చూస్తూ నిలబడ్డాడు.

ఆ కోపమంతా మొహిద్దీన్ సాబ్ నెత్తిన పడింది. అష్టమి నాడు ఆ బండికి కొత్త టైర్లు వేసి నట్లు బిగించింది హిందూపురంలో సాబ్ అంగట్లోనే. కావాలనే వదులుగా బిగించి తన ప్రాణం తీయబోయాడని చౌడప్ప ఆరోపణ. నాలుగు గంటలకు పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తానని భీష్మించుకున్నాడు. ఇస్తే సాబ్ పండగ రాత్రి లాకప్పులో గడపాలి. ఆ మాట ఊరంతా పాకాక ఆయన అంగడి ముందు ఇంకే బండీ ఆగదు.

ఇన్సూరెన్సు వాళ్ళ తరఫున విచారణకు వచ్చిన సర్వేయర్ నారాయణప్ప. సాబ్ భార్య అజీజున్నీసా కళ్ళు తుడుచుకుంటూ ఇంటికి వచ్చి అడిగితే, నోట్లో పెట్టుకోబోయిన బొబ్బట్టు పళ్ళెంలో వదిలేసి కైనెటిక్ హోండా ఎక్కింది గ్రేస్. ఒకప్పుడు ఆమె ఇన్సూరెన్సు ఆఫీసులోనే టైపిస్టు. పదేళ్ళు జనం అబద్ధాలను తప్పుల్లేకుండా టైపు చేసి చేసి, ఇక వాటిని పట్టుకునే పనే మేలనుకుని హిందూపురంలో డిటెక్టివ్ బోర్డు కట్టింది. నారాయణప్పకు ఆ బోర్డు చూస్తే ఒళ్ళు మంట. ఆయన రాసిన మూడు రిపోర్టులు ఆమె చేతిలో తలకిందులయ్యాయి మరి.

“బండి సాబ్ అంగడి వదిలింది అష్టమి సాయంత్రం,” అంది గ్రేస్. “ఆ రోజు ధర్మవరం దాకా పోయింది. నవమి నాడు ఇంట్లోనే ఉండాది. ఈ పొద్దు మళ్ళా ఈడి దాకా వచ్చింది. వదులుగా బిగించింటే చక్రం అష్టమి నాడే హిందూపురం పొలిమేరలో ఊడి ఉండాల కదా.”

“ఆడే ఉండాది కిటుకు.” నారాయణప్ప జీపు బానెట్ మీద నుంచి పొడుగాటి పానా ఒకటి తీసి చూపించాడు. దానికి గుడ్డ చుట్టి, దారం కట్టి, దారం మీద లక్క ముద్ర కూడా వేశాడు. “ఈ టార్క్ రెంచ్ యాడి నుంచి తెప్పించినాడో తెలుసా? బెంగుళూరు నుంచి. దీంతో ఎంత కావాలంటే అంతే బిగించొచ్చు. సరిగ్గా పెనుకొండ దాటినాక ఊడేటట్టు లెక్క కట్టి బిగించినాడు.”

గ్రేస్‌కు నవ్వు ఆగలేదు. హిందూపురంలో మిగతా అంగళ్ళలో వీల్ పానా మీద మనిషి ఎక్కి నిలబడి తొక్కుతాడు. తొక్కేవాడి బరువును బట్టి బిగువు. సాబ్ ఒక్కడే ఈ రెంచ్ తెచ్చాడు. బండికి ఎంత బిగువు చెప్పారో దాని పిడి మీద ఆ అంకె పెడితే, ఆ బిగువు రాగానే ‘టక్’ మంటుంది. ఆ చప్పుడు విననిదే సాబ్ చేయి తీయడు. దారిన పోయేవాళ్ళను కూడా పిలిచి వినిపిస్తాడు. ఆ టక్కు మీద ఆయనకున్న గర్వం అంతా ఇంతా కాదు.

“అంత లెక్క వచ్చినోడు టైర్లు ఎందుకు మారుస్తాడు సార్, రాకెట్లు ఎగరేస్తాడు గాని,” అంది.

“నవ్వుకోమ్మా. సాక్షి ఉండాది. అంగడి ముందర టీ కొట్టు సోమక్క తన చెవులతో ఇనింది. అష్టమి నాడు చౌడప్పకూ ఈయనకూ పెద్ద గొడవ. కారు కదిలేటప్పుడు ఈయన రోడ్డు మీదికి వచ్చి అరిచినాడు, ‘నడిచే వస్తావు’ అని. మూడో రోజుకు చౌడప్ప నడిచే పరిస్థితి వచ్చింది. ఇంకేం కావాల?”

గ్రేస్ జీపు వైపు చూసింది. ముందు సీట్లో, నారాయణప్ప అంగడి నుంచి పానాతో సహా ఎక్కించుకొచ్చిన మొహిద్దీన్ సాబ్ చేతులు కట్టుకుని, తెల్ల గడ్డం పైకెత్తి, తనను ఊరేగింపుకు తీసుకుపోతున్నట్టు కూర్చున్నాడు.

“సాబ్, ఆ మాట అన్నావా?”

“అన్నా.”

“దానికి ముందర ఏమన్నావు?”

“చెప్పను గ్రేసమ్మా. నా పానా మీద అనుమానపడినోళ్ళకు నేను జవాబు చెప్పేదేమి? బిగించినానా, టక్ అనిందా, అయిపోయింది.”

“జైలుకు పోతావు సాబ్.”

“ఆడ గూడా తలుపు నట్లు వదులుగా ఉంటే బిగిస్తా.”

ఈ మనిషిని కాపాడటం కన్నా ముందు నాలుగు తిట్టడం అవసరం అనిపించింది గ్రేస్‌కు. ఆ అవకాశం కూడా దొరకలేదు. నారాయణప్ప జీపెక్కి స్టార్ట్ చేశాడు. సాబ్‌ను హిందూపురం తీసుకుపోతున్నాననీ, చౌడప్ప బస్సులో వెనకాలే వచ్చి ఫిర్యాదు ఇస్తే చాలనీ చెప్పాడు. కదిలే ముందు జీపు చక్రాల వైపు వేలు చూపించాడు. ఆయుధ పూజకు పెట్టిన పసుపు కుంకుమల మధ్య వెండి రంగు రిమ్ములు ఎండలో తళతళలాడుతున్నాయి.

“బండిని ఎట్ల చూసుకోవాలో నా జీపును చూసి నేర్చుకోండి,” అని కళ్లద్దాలు దించుకుని వెళ్ళిపోయాడు.

అంబాసిడర్ నీడలో చాప పరుచుకుని చౌడప్ప భార్య శారదమ్మ బొరుగులూ బజ్జీలూ ముందు పెట్టుకుని కూర్చుంది. ముహూర్తం పోయిందన్న దిగులు ఆవిడ ముఖంలో ఎక్కడా లేదు. “రామ్మా, తిను. పెనుకొండ నుంచి ఇప్పుడే తెప్పించుకున్నా, ఇంకా వేడిగానే ఉండాయి,” అని పిలిచింది. గ్రేస్ చాప మీద కూర్చుని బజ్జీ అందుకుంది. పిలిచి బజ్జీ పెట్టే సాక్షి దొరకడం ఆమె వృత్తిలో అరుదు.

“పూజ బాగా చేసినారా అమ్మా?”

“బాగానా? ఒగ్గొక్క నట్టుకు నా చేత్తోనే పసుపు పూసి బొట్టు పెట్టినా. చక్రాల కప్పులు గూడా పెట్టనియ్యలేదు. పెడితే నల్లప్ప కొట్టిన కొత్త పెయింటూ కనపడదు, నా బొట్లూ కనపడవు.”

డ్రైవర్ నల్లప్ప తన పేరు వినగానే కొంచెం దూరంగా జరిగాడు. గ్రేస్ అది చూసింది. చూసి, ఇంకో బజ్జీ తీసుకుని, నములుతూనే లేచి బండి చుట్టూ నడిచింది.

మిగిలిన మూడు చక్రాలకూ శారదమ్మ చేతి పని చెక్కుచెదరకుండా ఉంది. పసుపు ఒక్కో నట్టు మీద నుంచి పక్కన రిమ్ము మీదికి కలిపి పూసి ఉంది. ఎండి బిర్రుగా ఉంది, ఎక్కడా పగులు లేదు. పైన కుంకుమ బొట్టు గుండ్రంగా నిలిచి ఉంది. అంటే పూజ తర్వాత ఆ నట్ల మీద ఏ పానా పడలేదు. పడి ఉంటే పసుపు పెచ్చులుగా రాలిపోయేది.

“నల్లప్పా, వీల్ పానా ఇట్లియ్యి.”

కుడి వెనక చక్రం నట్టుకు పానా తగిలించి, బలమంతా పెట్టడానికి కాలు దన్ను పెట్టబోయింది. కాలు అక్కరలేకపోయింది. చేతి బరువుకే నట్టు తిరిగింది. పసుపు పగిలింది, బొట్టు రెండు ముక్కలైంది. ఇంకో నట్టు చూసింది. అదీ అంతే. ముందు చక్రం నట్లూ అంతే.

చౌడప్ప మీసం మెలేశాడు. “చూసినావా? అన్నీ వదులుగానే వదిలినాడు. ఒక చక్రం చాలదని నాలుగూ ఊడాలనుకున్నాడు.”

గ్రేస్ నట్టును పూర్తిగా ఊడదీసి ఎండలో తిప్పి చూసింది. రిమ్ము మీద ఆనే ఏటవాలు అంచు చుట్టూ వెండి రంగు పెయింటు అంటుకుని ఉంది. రిమ్ము రంధ్రం చుట్టూ వేలు పెట్టి తడిమింది. పెయింటు ఒక కట్టలా పైకి ఉబికి వచ్చి ఎండిపోయింది, చపాతీ పిండిలో గిన్నె నొక్కి తీసినట్టు.

ఆమెకు భర్త జాన్ గుర్తొచ్చాడు. తన లారీకి పెయింటు కొట్టించిన ప్రతిసారీ జాన్ ఒక పాత కత్తి పట్టుకుని, నట్లు ఆనే చోట పెయింటంతా గీకేవాడు. అంత డబ్బు పెట్టి కొట్టించి మళ్ళా గీకడమేమని తను ఎన్నోసార్లు ఎగతాళి చేసింది. రాత్రికి ఇంటికి పోయాక ఆ ఎగతాళులన్నీ వెనక్కి తీసుకోవాలి అనుకుంది సంతోషంగా.

“చౌడప్పన్నా, ఇట్ల రా. ఈ నట్టు మొదటి నుంచీ వదులుగా ఉంటే పెయింటు ఇట్ల నలిగి అంచుకు పొంగదు. సాబ్ బిగించినాడు. గట్టిగా బిగించినాడు. కాని నట్టుకూ ఇనుముకూ మధ్య మందంగా పచ్చి పెయింటు ఉండాది. బండి పోయేకొద్దీ ఆ పెయింటు నలిగి పలచనైంది. పలచనైనంత మేర బిగువు పోయింది. ఎవురూ వదులు చెయ్యలేదు. పెయింటే చేసింది.”

చౌడప్ప మీసం మీది చేయి కిందికి దిగింది.

“నల్లప్పా, పెయింటు ఎప్పుడు కొట్టినావు?”

“సప్తమి నాడు మేడం. చక్రాలు ఊడదీసి, లోపలా బయటా రెండేసి పూతలు కొట్టినా. అన్న బాగా మెరవాలన్నాడు.”

“ఎక్కేముందు పానా వెయ్యలేదా? డ్రైవరువు కదా.”

నల్లప్ప శారదమ్మ వైపు చూసి నసిగాడు. ఆవిడే నవ్వేసింది. “ఈ పొద్దు తెల్లారే పానా ఎత్తుకొచ్చినాడమ్మా. నేనే తిట్టినా. మంచి పనికి పోతాంటే, పూజ చేసిన నట్టుకు పానా పెట్టి బొట్టు చెరుపుతావా, కొట్టు తెరిచినాక ఏమన్నా చేసుకో పో అన్నా. మా ఇంటాయన గూడా ఆణ్ణే ఉన్నాడు, ఒగ మాట అనలేదు.”

అని, తన మాట తనకే వినబడినట్టు ఆగి, కుంటి బండి వైపు చూసింది. “అయితే నేను బొట్టు పెట్టినందుకే ఊడిందా?”

“బొట్టు వల్ల కాదమ్మా. పెట్టినాక పానా వేసి ఉంటే సరిపోయేది. మళ్ళా పెట్టుకునేదానికి కుంకుమ కరువా?”

గ్రేస్ చౌడప్ప వైపు తిరిగింది. ఇంత పెద్ద మనిషి, భార్య డ్రైవర్‌ను తిట్టి ఆపుతుంటే ఊరుకున్నాడంటే, అక్కడ ఊరుకోవడానికి ఆయనకు వేరే కారణం ఉండి ఉంటుంది. “అన్నా, అష్టమి నాడు సాబ్‌తో గొడవ దేని గురించి?”

“ఏదో పెయింటు గీకాలన్నాడు. పూజకు పొయ్యే బండి, గీతలు పెట్టొద్దన్నా.”

“మరి ‘నడిచే వస్తావు’ అనే ముందర ఏమన్నాడు?”

“ఇంజను చప్పుడుకు ఇనపడలేదు.”

“నల్లప్పా, నువ్వు ఇన్నావా?”

“నేను లేను మేడం. చక్రాల కింద పెట్టేదానికి నిమ్మకాయలు తెచ్చేకి మార్కెట్టుకు పోయింటి. నేను వచ్చేటప్పటికి అన్నే స్టీరింగు పట్టుకోనుండాడు, బండి కదిలిపోతాండాది.”

ఆధారం చేతిలో ఉంది, నాలుగు గంటలకు ఇంకా టైముంది. గ్రేస్‌కు ప్రాణం తేలికపడింది. వెళ్ళే ముందు ఊరికే, ఏ ఉద్దేశమూ లేకుండా, చివరి బజ్జీ తీసుకుంటూ అడిగింది. “డబ్బా పెయింటు మొత్తం దీనికే పట్టిందా?”

“లేదు మేడం. సగం మిగిలింది. నారాయణప్ప సార్ అదే పొద్దు ధర్మవరం వచ్చినాడు, తన జీపుకు గూడా కొట్టి పెట్టమన్నాడు. అట్లే లోపలా బయటా కొట్టినా.”

బజ్జీ గ్రేస్ నోటి దాకా పోయి ఆగిపోయింది. జీపు నట్ల మీద కూడా పసుపు కుంకుమలు ఉన్నాయి. చెక్కుచెదరకుండా ఉన్నాయి. దాని ముందు సీట్లో మొహిద్దీన్ సాబ్ ఉన్నాడు.

“చౌడప్పన్నా, బండెక్కు.”

“బస్సులో వస్తాలేమ్మా.”

“ఎక్కమంటాండా.”

పట్టు పంచెను మోకాళ్ళ పైకి చుట్టుకుని చౌడప్ప వెనక ఎక్కగానే కైనెటిక్ ఒకసారి మూలిగింది. తర్వాత కదిలింది. గ్రేస్ జీవితంలో అంత బరువుతో అంత వేగంగా ఎప్పుడూ పోలేదు. గుంత వచ్చినప్పుడల్లా చౌడప్ప తన కులదైవం చౌడేశ్వరిని ఒకసారి తలుచుకున్నాడు. గుంతలు చాలానే వచ్చాయి.

కొంత దూరం పోయాక జీపు కనబడింది. వెనక కుడి చక్రం నడుము నొప్పి ఉన్న మనిషిలా అటూ ఇటూ ఊగుతోంది. హారన్ కొట్టింది. కొడుతూనే ఉంది. అద్దంలో ఆమెను చూసిన నారాయణప్ప, తనతో పందెం వేస్తోందనుకుని ఇంకా వేగం పెంచాడు.

“ఆపమని చెప్పన్నా, గట్టిగా అరువు,” అంది గ్రేస్.

చీరల బేరాల్లో రాటుదేలిన గొంతు చౌడప్పది. “నారాయణప్పా, చక్రం” అని ఆయన పెట్టిన కేకకు చేలో కొంగలు లేచిపోయాయి. జీపు మాత్రం ఆగలేదు. మలుపు దగ్గర పడుతోంది. మలుపు పక్కన లోతైన వాగులాంటి వంక ఉంది. ఎదురుగా లారీ ఒకటి వస్తోంది.

అప్పుడు జీపులో నుంచి ఒక చేయి స్టీరింగు దాటి, మెల్లగా, తన ఇంటి తాళం తీసుకుంటున్నట్టు, తాళంచెవిని తిప్పేసింది. ఇంజను ఆగిపోయింది. నారాయణప్ప తిట్ల మధ్య జీపు నిదానించి, మలుపుకు ముందే రోడ్డు అంచున నిలబడింది.

“చూడమ్మా, ఇంకో నేరం,” అంటూ దిగాడు నారాయణప్ప. “పోతాండే బండి తాళం తిప్పినాడు. మైలు నుంచీ చెప్తాండాడు, చక్రం టకటకమంటాండాది, ఆపు ఆపు అని. దిగి పారిపొయ్యే ఎత్తు.”

గ్రేస్ వెనక చక్రం దగ్గర కూర్చుంది. ఒక నట్టు అప్పటికే లేదు. ఇంకోదాన్ని రెండు వేళ్ళతో సీసా మూతలా తిప్పి తీసి, కుంకుమతో సహా నారాయణప్ప అరచేతిలో పెట్టింది.

“ఇది ఎవురు వదులు చేసినారు సార్? మీ జీపు సాబ్ అంగడికి ఎప్పుడూ పోలేదు కదా.”

నారాయణప్ప నట్టును చూశాడు. ముందున్న మలుపును చూశాడు. ఆ పక్కన వంకను చూశాడు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, రోడ్డు పక్క రాయి మీద కూర్చుండిపోయాడు. పచ్చి పెయింటు సంగతి గ్రేస్ విడమర్చి చెబుతుంటే, ఆ మనిషి మొదటిసారి అడ్డు చెప్పకుండా విన్నాడు.

“జాకీ ఉండాదా?” అన్నాడు సాబ్, జీపు దిగుతూ. “నా పానా ఇయ్యి.”

పానా ఇవ్వాలంటే నారాయణప్ప తను కట్టిన దారం తనే తెంపాలి, తను వేసిన లక్క తనే పగలగొట్టాలి. పగలగొట్టాడు. సాబ్ చక్రాన్ని విప్పి, చాకుతో నట్లు ఆనే చోట పెయింటు గీకడం మొదలుపెట్టాడు. పక్క చక్రానికి చేయి వేయబోతే నారాయణప్ప లేచాడు.

“సాబ్, ఆ బొట్లు మా ఇంటామె పెట్టింది. పోకుండా కుదరదా?”

“కుదరదప్పా. కావాలంటే రేపు ఇంకోసారి పెట్టమను.”

కింద ఉన్న నట్టు, దానికి ఎదురుగా పైన ఉన్న నట్టు, తర్వాత పక్కది, అట్లా ఎదురెదురుగా మార్చుకుంటూ బిగించాడు. టక్. టక్. ప్రతి టక్కుకూ తలెత్తి అందరి ముఖాలూ ఒకసారి చూశాడు, విన్నారా అన్నట్టు. గ్రేస్‌కు ఆ గర్వాన్ని చూస్తే ముద్దొచ్చింది, కోపమూ వచ్చింది.

“ఇదే పని అష్టమి నాడు చేసుంటే ఇంత దూరం వచ్చేదా సాబ్? గీకొద్దని ఆయన అంటే, బండి వదలనని నువ్వు అనలేకపోయినావా?”

“కోపం వచ్చిందమ్మా. పొమ్మన్నా. అది నా తప్పే,” అని ఒప్పుకున్నాడు సాబ్, చివరి నట్టు మీద పానా ఉంచి. టక్ అంది. పానా తుడుచుకుని లేచి, ఇరవై ఏళ్ళుగా తన అంగడి వదిలే ప్రతి బండివాడి చెవిలో వేసే మాట అలవాటు కొద్దీ నారాయణప్పకూ చెప్పాడు.

“యాభై కిలోమీటర్లు పోయినాక ఇంకోసారి బిగించుకో. బిగించుకోలేదంటే నడిచే వస్తావు.”

నారాయణప్ప మెల్లగా తల తిప్పి చౌడప్ప వైపు చూశాడు. గ్రేస్ అప్పటికే చూస్తోంది.

చౌడప్ప భుజం మీది కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు. “ఇదే మాట,” అన్నాడు. “అష్టమి నాడు గూడా ఇదే మాట పూర్తిగా అన్నాడు. నాకు బాగా ఇనబడింది. ఈ పొద్దు నల్లప్ప పానా తెచ్చినప్పుడు గుర్తు గూడా వచ్చింది. పెయింటుకు గీతలు పడతాయని ఊరుకున్నా. చక్రం ఊడినాక, నా ఇంటామె ముందర నా తప్పని ఎట్ల చెప్పుకునేది? సోమక్కకు ఇనబడిన సగమే నేనూ చెప్పి, మిగతా సగం మింగినా. ఫిర్యాదు లేదు సాబ్. కొట్టు ఈ సాయంత్రం తెరుస్తా, రిబ్బను నువ్వే కత్తిరించాల.”

“కత్తెర వద్దు,” అన్నాడు సాబ్. “నా పానాతో తెంపుతా.”

గ్రేస్ పకపకా నవ్వింది. చౌడప్ప కూడా నవ్వబోయి, అంబాసిడర్‌లో ఇంకా మూడు చక్రాల నట్లు అలాగే ఉన్నాయని గుర్తొచ్చి, సాబ్‌ను ముందు అటు తీసుకుపొమ్మని నారాయణప్పను బతిమాలాడు. సాబ్ దర్జాగా జీపు ముందు సీటెక్కాడు. నారాయణప్ప స్టీరింగు ముందు కూర్చున్నాడు గానీ, తాళం తిప్పలేదు. గొంతు తగ్గించి, గ్రేస్ చెవిన పడకూడదన్నట్టు పక్కకు వంగి అడిగాడు.

“యాభై కిలోమీటర్లంటే, యాడికి వస్తాది సాబ్?”

“చౌడప్ప కారు బాగుచేసి, నన్ను ఆ కొట్టు కాడ దించి, నువ్వు మీ ఇంటికి పోయి పండగ భోజనం చేసి, రేపు పొద్దున నా అంగడికి వస్తే సరిపోతాది,” అన్నాడు సాబ్. “జీపులోనే రా.”